మొదటిసారి పోలింగ్ ఏజెంటుగా కూర్చునేవారికి: ఓటరు గుర్తింపు, ఈవీఎం లెక్క, ఫోన్ ఓటు

మీరు మూడు సంగతులు అడిగారు. ఏజెంటుగా కూర్చుంటే దొంగ ఓటును ఎలా ఆపాలి? ఈవీఎంలో పడ్డ ఓటు మారలేదని దేన్నిబట్టి నమ్మాలి? ముఖాన్ని గుర్తుపట్టే ఫోన్లు వచ్చాక కూడా ఈ క్యూలు, సిరా చుక్కలు ఎందుకు? వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తున్నా మూడింటికీ మూలం ఒకటే, ముందు అది చెప్తాను.

బూత్‌లో రెండు దారులుంటాయి. వచ్చినవాళ్లెవరో తేల్చే దారి మొదటి, రెండో పోలింగ్ అధికారుల బల్లల దగ్గర ముగుస్తుంది. అది పూర్తిగా కాగితం మీద, నలుగురి కళ్ల ముందు, గొంతెత్తి పేరు చదివి జరగాలి. ఓటు ఎవరికి పడిందో నమోదయ్యే దారి, ఓటు వేసేటప్పుడు మరుగు కోసం పెట్టే అట్టపెట్టె వెనక మొదలవుతుంది, దాన్ని ఎవరూ చూడకూడదు. ఈ రెండూ ఒక్క అంకె దగ్గర మాత్రమే కలవాలి: ఎంతమంది లోపలికి వెళ్లారు, ఎన్ని ఓట్లు పడ్డాయి. పేరు, ఓటు కలిస్తే రహస్యం పోతుంది. అంకెలు కలవకపోతే నమ్మకం పోతుంది. ఏజెంటు పనంతా ఈ అంకెను కాపాడటమే.

తెల్లవారుజామున మొదలుపెడదాం. పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్) అయిదున్నరకి, అంటే గంటన్నర ముందే. మిమ్మల్ని ఏజెంటుగా నియమించే ఫారం-10 మీద మీ అభ్యర్థి సంతకం ఉందో లేదో రాత్రే చూసుకుని అయిదింటికల్లా బూత్ దగ్గర ఉండండి. కనీసం ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లు లేకపోతే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి పావుగంట ఆగుతారు, ఆ తర్వాత మీ కోసం ఆగరు. చాలామంది ఏజెంట్లు టిఫిన్ చేసి ఆరున్నరకి వస్తారు. రోజు మొత్తంలో యంత్రాన్ని తెరిచి చూసే అవకాశం అక్కడికే అయిపోయి ఉంటుంది.

యంత్రంలో మూడు భాగాలు. బ్యాలెట్ యూనిట్ మీద అభ్యర్థుల పేర్లు, గుర్తులు, పక్కన నీలం మీటలు ఉంటాయి. ఒక యూనిట్‌లో నోటాతో కలిపి 16 వరుసలు పడతాయి. ఇప్పుడు వాడే మూడో తరం యంత్రానికి ఇలాంటివి 24 దాకా తగిలించవచ్చు. 2019లో నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేసి 185 మంది బరిలో నిలిచినప్పుడు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి పోలింగ్ జరిపారు. రెండోది వీవీప్యాట్, అంటే గాజు కిటికీ ఉన్న ప్రింటర్. మూడోది కంట్రోల్ యూనిట్, ఇది అధికారి బల్ల మీద ఉంటుంది, ఓట్లు ఇందులోనే నిలవ ఉంటాయి. బ్యాలెట్ యూనిట్ కేబుల్ వీవీప్యాట్‌కి, వీవీప్యాట్ కేబుల్ కంట్రోల్ యూనిట్‌కి వెళ్లాలి. కేబుళ్లు కలిపేటప్పుడు, తీసేటప్పుడు కంట్రోల్ యూనిట్ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి. ఈ ఒక్కటి మరిచి పొద్దున్నే లోపాలు తెచ్చుకునే బూతులు చాలా ఉంటాయి.

వీవీప్యాట్ వెనక ఒక మీట ఉంటుంది. అడ్డంగా ఉంటే రవాణా స్థితి, నిలువుగా ఉంటే పని స్థితి. అడ్డంగానే వదిలేసి ఆన్ చేస్తే లోపం చూపిస్తుంది. యంత్రం చెడిపోయిందని హడావుడి మొదలవుతుంది, అసలు చెడేదేమీ ఉండదు. దీన్ని కిటికీకి ఎదురుగానో, పెద్ద బల్బు కిందో పెట్టినా ఇబ్బందే. చీటీ పొడవు, ముద్రణ సరిగా ఉన్నాయా అని లోపలి సెన్సార్లు చూస్తాయి, నేరుగా వెలుతురు పడితే అవి తప్పుగా చదువుతాయి. ఎండాకాలం పోలింగ్‌లో రేకుల షెడ్డు బడిగదుల్లో ఇది గమనించాల్సిన విషయం. పెట్టె ఏ మూల పెడుతున్నారో చూసి, వెలుతురు నేరుగా పడుతుంటే అప్పుడే చెప్పండి. పోలింగ్ మధ్యలో కదిలించడం కుదరదు.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి మీటా ఒక్కసారైనా నొక్కాలి. ఎవరికెన్ని వేశారో మీరు మీ కాగితం మీద విడిగా రాసుకోండి. తర్వాత కంట్రోల్ యూనిట్ మీద వరుసగా క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు. రిజల్ట్‌లో వచ్చిన అంకెలు, వీవీప్యాట్ డబ్బాలోంచి తీసి లెక్కపెట్టిన చీటీలు, మీ కాగితం, మూడూ కలవాలి. క్లియర్ నొక్కాక టోటల్ నొక్కితే సున్నా రావాలి, అది ఏజెంట్లందరూ చూడాలి. ఖాళీ చేసిన డబ్బా లోపల ఒక్క చీటీ కూడా మిగల్లేదని టార్చి వేసి చూడండి. మాక్ పోల్ చీటీల వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తారు.

క్లియర్ నొక్కడం మరిచిపోవడం, చీటీలు డబ్బాలోనే వదిలేయడం. పత్రికల్లో ‘ఈవీఎంకీ వీవీప్యాట్‌కీ తేడా’ అని వచ్చే వార్తల వెనక తరచూ ఉండేవి ఈ రెండే. మాక్ పోల్ ఓట్లు చెరపకుండానే అసలు పోలింగ్ మొదలైతే ఓట్ల లెక్కింపు రోజు ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. గతంలో గెలుపు తేడా ఆ యంత్రంలోని మొత్తం ఓట్లకన్నా ఎక్కువుంటే దాన్ని లెక్కలోకే తీసుకునేవారు కాదు. ఇప్పుడు మాక్ పోల్ చీటీలు తీసేసి వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. అంటే పొద్దున ఒక్క నిమిషం పరాకు వల్ల ఆ బూత్‌లో వెయ్యి మంది వేసిన ఓట్లకు యంత్రం లెక్క పక్కకు పోయి, చీటీల మీదే ఆధారపడాల్సి వస్తుంది. మాక్ పోల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేముందు సున్నా చూశారా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి.

సీళ్లు వేసేటప్పుడు ఆకుపచ్చ కాగితం సీలు నంబరు, స్పెషల్ ట్యాగ్ నంబరు, కంట్రోల్ యూనిట్ నంబరు రాసుకోండి. ఆకుపచ్చ సీలు మీద ఏజెంట్లు సంతకం చేయవచ్చు, చేయండి. కంట్రోల్ యూనిట్ తెర మీద కనిపించే తేదీ, సమయం కూడా గోడ గడియారంతో పోల్చి, తేడా ఉంటే సర్టిఫికెట్‌లో రాయించండి. లెక్కింపు రోజు తెర మీద పోలింగ్ మొదలైన, ముగిసిన సమయాలు వస్తాయి. అప్పుడు ఏడు నిమిషాల తేడా కనబడి గొడవ అవుతుంది, ఇప్పుడు రాసి ఉంటే కాదు.

ఇక మనిషిని గుర్తించడం.

ఇది పోలింగ్ రోజున మొదలయ్యేది కాదు, ఓటర్ల జాబితాలో మొదలవుతుంది. చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, ఇంటికి వెళ్లినా కనబడనివాళ్లు అని బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) ఇంటింటికీ తిరిగి గుర్తించినవాళ్ల పేర్లతో ఒక విడి జాబితా ఉంటుంది. దాన్ని ఏఎస్‌డీ జాబితా అంటారు. దొంగ ఓటు వేయాలనుకునేవాడికి కావలసిన పేర్లన్నీ సరిగ్గా అందులోనే ఉంటాయి, కాబట్టి మీక్కూడా అదే ముఖ్యం. ముందు రోజే ఒక ప్రతి తెచ్చుకుని, మీ బూత్ జాబితాలో ఆ పేర్ల పక్కన గీత పెట్టుకోండి. ఆ పేరుతో ఎవరైనా వస్తే ప్రిసైడింగ్ అధికారి స్వయంగా పరిశీలించాలి, ఓటరు కార్డో మరో గుర్తింపు పత్రమో తప్పక చూడాలి, పేరు గట్టిగా చదివి ఏజెంట్లకు వినిపించాలి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకోవాలి. ఆ పేరున్న మనిషి నిజంగానే ఊరినుంచి వచ్చి ఉండొచ్చు, కాబట్టి జాబితాలో పేరుందని వెనక్కి పంపేయమనే హక్కు మీకు లేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో పని చేసుకుంటూ ఓటు కోసం బస్సెక్కి వచ్చేవాళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నారు.

జాబితాలో ఎక్కించేందుకు ఫారం-6, తీసేందుకు ఫారం-7, దిద్దుబాటుకు, చిరునామా మార్పుకు ఫారం-8. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం-7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చి, సొంత పేరు తీసేయమని తామే అర్జీ పెట్టినట్టు చాలామంది ఆలస్యంగా తెలుసుకున్నారు. దొంగ ఓటు గురించి మాట్లాడినంత గట్టిగా, ఉన్న ఓటు పోవడం గురించీ మాట్లాడాలి. ఒకరు రెండు ఓట్లు వేయడం ఎంత అన్యాయమో, వేయాల్సినవాడు వేయలేకపోవడమూ అంతే. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మీ వీధి వరకైనా ఒక్కసారి చదవండి. ఆధార్ నంబరు ఫారం-6బిలో ఇవ్వడం ఐచ్ఛికమే. తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది, ఆ కేసు వేసింది తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్. ఆధార్ ఇవ్వలేదని పేరు తీసేస్తే అభ్యంతరం చెప్పండి.

పోలింగ్ రోజున మొదటి అధికారి చేతిలో మార్క్‌డ్ కాపీ, అంటే వచ్చినవారి పేర్లకు గుర్తు పెట్టే ఓటర్ల జాబితా ఉంటుంది. ఓటరు కార్డు లేనివాళ్లు ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు లాంటి 12 రకాల్లో ఏదో ఒకటి చూపొచ్చు. బీఎల్వో ఇంటికి తెచ్చిచ్చే ఓటరు సమాచార చీటీ 2019 నుంచి గుర్తింపు కింద చెల్లదు. ఇది ఇప్పటికీ చాలా ఊళ్లలో తెలియదు, పాపం ముసలివాళ్లు ఎండలో మళ్లీ ఇంటికి పోయి కార్డు తెచ్చుకుంటుంటారు. విదేశాల్లో ఉంటూ ప్రవాస ఓటరుగా నమోదైనవాళ్లు అసలు పాస్‌పోర్టుతో స్వయంగా వచ్చి వేయాల్సిందే. కార్డులో పేరు ఒక అక్షరం తేడా ఉంటే, పుట్టిన సంవత్సరం అటూ ఇటూ అయితే దాన్ని పట్టుకుని ఆపకూడదు. మనిషి ఆ మనిషేనా అన్నదే ప్రశ్న.

ముసుగు ధరించి వచ్చే మహిళలను గుర్తించే పని మహిళా సిబ్బందిది, అదీ చాటుగా. మీరు ముసుగు తీయమని అడగకూడదు, కార్డు లాక్కుని పోల్చకూడదు. సందేహముంటే ప్రిసైడింగ్ అధికారితో చెప్పండి.

ఎవరైనా ఇంకొకరి పేరుతో వచ్చారని మీకు నిజంగా అనిపిస్తే చాలెంజ్ చేయండి. రెండు రూపాయలు ప్రిసైడింగ్ అధికారికి కట్టాలి. ఆయన ముందు ఆ ఓటరును శిక్ష గురించి హెచ్చరిస్తారు, తర్వాత అక్కడికక్కడే విచారణ చేస్తారు: తండ్రి పేరు, ఇంటి నంబరు, పక్కింటివాళ్లు, ఊళ్లో తెలిసినవాళ్లను అడగడం. మీ ఆరోపణ నిలిస్తే ఆ మనిషిని పోలీసులకు అప్పగిస్తారు. ఊరికే వేసిందని తేలితే మీ రెండు రూపాయలు పోతాయి, డబ్బుకన్నా ఆ బూత్‌లో మీ మాటకు విలువ పోతుంది. చాలెంజ్ గుర్తింపు మీదే వేయాలి. ‘వీడికి పద్దెనిమిది నిండలేదు’, ‘ఈమె ఈ ఊళ్లో ఉండదు’ లాంటివి అప్పుడు చెల్లవు. జాబితాలో పేరుండి, మనిషి అతనే అయితే ఓటు వేయనివ్వాలి. వయసు అనుమానంగా ఉంటే డిక్లరేషన్ తీసుకుని పంపుతారు.

దీనికి అవతలి వైపు టెండర్ ఓటు. ఓటరు వచ్చేసరికి ఆ పేరు మీద అప్పటికే ఎవరో వేసి వెళ్లారు. చాలామంది తిట్టుకుంటూ వెళ్లిపోతారు. పోనివ్వకండి. గుర్తింపు రుజువైతే ఆ మనిషికి కాగితం బ్యాలెట్ ఇవ్వాలి, ఫారం-17బిలో సంతకం తీసుకోవాలి. ఆ కాగితం విడి కవర్లో ఉంటుంది, మామూలు లెక్కింపులో కలవదు, ఎన్నికల పిటిషన్‌లో కోర్టు అడిగితే బయటికొస్తుంది. పనికిరాదనుకోకండి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక్క ఓటు తేడాతో ఫలితం వచ్చినప్పుడు టెండర్ ఓట్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పైగా ఒక బూత్‌లో మూడు, నాలుగు టెండర్ ఓట్లు పడ్డాయంటే అక్కడ మొదటి అధికారి బల్ల దగ్గర ఏదో తప్పు జరుగుతోందని అర్థం, వెంటనే కొన్ని బూతులను కలిపి పర్యవేక్షించే సెక్టార్ అధికారికి చెప్పాలి.

సిరా సంగతి. మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ తయారుచేసే ఆ సిరాలో వెండి నైట్రేట్ ఉంటుంది. చర్మం మీది ఉప్పుతో కలిసి వెలుతురు తగిలాక నల్లబడుతుంది, చర్మం పొర ఊడేదాకా పోదు. కానీ ఆరకముందే తుడిస్తే చాలావరకు పోతుంది. వేలికి నూనె, వ్యాజిలిన్ రాసుకొస్తే అసలు పట్టదు. అందుకే రెండో అధికారి ముందు ఎడమచేతి చూపుడు వేలు చూడాలి, జిడ్డుంటే గుడ్డతో తుడవాలి, గోరు మీంచి మొదటి కణుపు దాకా గీత గీయాలి. ఆ తర్వాతే ఓటర్ల రిజిస్టర్ అయిన ఫారం-17ఎలో వివరాలు రాసి సంతకం తీసుకోవాలి, ఈలోగా సిరా ఆరుతుంది. కంట్రోల్ యూనిట్ దగ్గరున్న మూడో అధికారి వేలు మళ్లీ ఒకసారి చూసి, రెండో అధికారి ఇచ్చిన చీటీ తీసుకుని, అప్పుడు బ్యాలెట్ మీట నొక్కాలి. రద్దీ పెరిగినప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ రెండో చూపే. మీ కుర్చీలోంచి ఆ బల్ల కనిపించేలా కూర్చోండి.

అట్టపెట్టె వెనక ఓటరు మీట నొక్కగానే అభ్యర్థి పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. వీవీప్యాట్ కిటికీలో వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ 7 సెకన్లు కనబడి, తెగి డబ్బాలో పడుతుంది, బీప్ వస్తుంది. మీ ఇంట్లోవాళ్లకి, మీ వీధివాళ్లకి ఒక్క మాట చెప్పండి: మీట నొక్కి తిరిగి రావద్దు, ఆ ఏడు సెకన్లు నిలబడి చీటీ చదవండి. ఓటు సరిగా పడిందని తెలుసుకోగలిగే అధికారం ఓటరుకు ఉన్న ఒకే ఒక్క క్షణం అది. చాలామంది ఎర్ర లైటు చూసి వచ్చేస్తారు. లైటు బ్యాలెట్ యూనిట్ చెప్పేది, వివాదం వచ్చినప్పుడు నిలబడేది చీటీ. వీవీప్యాట్ చీటీలు లెక్కించిన చోట యంత్రం అంకెకీ చీటీల అంకెకీ తేడా వస్తే చీటీలదే చెల్లుతుందని ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 56డిలో స్పష్టంగా ఉంది.

నేను వేసింది ఒకటి, చీటీలో వచ్చింది ఇంకొకటి అని ఎవరైనా అంటే 49ఎంఏ నిబంధన. రాతపూర్వక డిక్లరేషన్ తీసుకుని, ప్రిసైడింగ్ అధికారి, ఏజెంట్ల ముందు ఆ ఓటరుతో ఒక టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమైతే పోలింగ్ ఆపేస్తారు, అబద్ధమైతే ఓటరు మీద కేసు. ఈ నిబంధనలో నాకు నచ్చనిది ఉంది. వంద ఓట్లకోసారి తప్పు చేసే యంత్రం టెస్ట్ ఓటును సరిగ్గానే ముద్రించవచ్చు, అప్పుడు నిజం చెప్పిన ఓటరు నేరస్తుడవుతాడు. అయినా నిబంధన ఇదే కాబట్టి ఫిర్యాదు చేసే మనిషికి శిక్ష సంగతి ముందే చెప్పడం అధికారి బాధ్యత, మీదీను. వేసిన టెస్ట్ ఓటు ఏ అభ్యర్థికి పడిందో ఫారం-17సిలో (బూత్‌లో పడ్డ ఓట్ల లెక్క రాసే కాగితం) రాయించండి, లెక్కింపులో దాన్ని తీసేస్తారు.

యంత్రం మొరాయిస్తే ఏది మార్చాలన్నది గుర్తుంచుకోండి, ఇక్కడే ఎక్కువ తప్పులు. మాక్ పోల్‌లో చెడితే చెడ్డ భాగం ఒక్కటే మారుస్తారు. అసలు పోలింగ్ నడుస్తుండగా వీవీప్యాట్ చెడితే వీవీప్యాట్ మాత్రమే మారుస్తారు, మళ్లీ మాక్ పోల్ అక్కర్లేదు. బ్యాలెట్ యూనిట్ గానీ కంట్రోల్ యూనిట్ గానీ చెడితే మూడూ మారుస్తారు, నోటాతో సహా ఒక్కొక్కరికి ఒక్కో ఓటు చొప్పున మాక్ పోల్ చేసి, చెరిపి, చీటీలు తీసి మొదలుపెడతారు. పాత కంట్రోల్ యూనిట్‌లోని ఓట్లు ఎక్కడికీ పోవు, కరెంటు లేకపోయినా జ్ఞాపకంలో ఉంటాయి. 2024 మే 13న పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు బూత్‌లో యంత్రాన్ని నేలకేసి కొట్టినప్పుడు కూడా అప్పటిదాకా పడ్డ ఓట్లు భద్రంగా ఉన్నాయి, కొత్త యంత్రంతో పోలింగ్ కొనసాగింది. అలాంటి బూత్‌కి రెండు కంట్రోల్ యూనిట్లు ఉంటాయి కాబట్టి రెండింటి నంబర్లూ మీ దగ్గరుండాలి.

రెండు గంటలకోసారి టోటల్ అంకెను ఫారం-17ఎలోని చివరి వరుస సంఖ్యతో పోల్చి చూడమని అడగండి. ఒకటి, రెండు తేడా ఉంటే కారణం అప్పుడే దొరుకుతుంది: సంతకం పెట్టి లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చినవారు, మూడో అధికారి దగ్గర చీటీ ఇచ్చి క్యూలో నిలబడ్డవారు. సాయంత్రం ఆరింటికి వెతికితే దొరకదు. చివరి ఓటరు మీట నొక్కకుండా వెళ్లిపోతే కంట్రోల్ యూనిట్ ‘బిజీ’ చూపిస్తూ క్లోజ్ అవదు. అప్పుడు ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయాలి, భయపడాల్సిందేమీ లేదు.

ముగిశాక ఫారం-17సి. ఆ ఒక్క కాగితం కోసమే మీరు ఆ రోజంతా కూర్చున్నారనుకోండి. 17ఎలో నమోదైనవారి సంఖ్య, అందులోంచి ఓటు వేయనన్నవారు, రహస్యం ఉల్లంఘించినందుకు వేయనివ్వనివారు తీసేస్తే వచ్చే సంఖ్య యంత్రంలోని టోటల్‌తో సరిపోవాలి. ఎన్నికల విధుల సర్టిఫికెట్‌తో వచ్చి వేసిన సిబ్బంది పేర్లు జాబితా చివర చేరుస్తారు, ఆ బూత్ ఓటర్ల సంఖ్యలో వచ్చే తికమకకు కారణం అదే. ప్రిసైడింగ్ అధికారి సంతకంతో నకలు తీసుకోకుండా బయటికి రాకండి. లెక్కింపు బల్ల దగ్గర మీ పార్టీ ఏజెంటు చేతిలో ఆ నకలు ఉంటే కంట్రోల్ యూనిట్ నంబరు, సీలు నంబరు, మొత్తం ఓట్లు మూడూ అర నిమిషంలో సరిచూడొచ్చు. లేకపోతే అక్కడ కూర్చుని చేయగలిగేదేమీ లేదు. బ్యాటరీ 99 శాతం ఎలా ఉందని మాత్రం గొడవపడకండి. అది చార్జింగ్ పెట్టే బ్యాటరీ కాదు, వోల్టేజీ ఒక హద్దు దిగేదాకా తెర 99 అనే చూపిస్తుంది.

పోలింగ్ తర్వాత రాత్రిళ్లు ‘ఈవీఎంలు ఆటోలో వెళ్తున్నాయి’ అని వచ్చే వీడియోలకు కూడా జవాబు నంబర్లలోనే ఉంది. ఓట్లు పడ్డవి, ఓట్లు పడ్డాక చెడినవి స్ట్రాంగ్ రూంకి వెళ్తాయి. వాడకముందే చెడినవి, వాడని అదనపువి వేరే చోటికి వెళ్తాయి. వీడియోలో కనబడిన నంబరు మీ 17సిలో ఉందా లేదా చూడండి. స్ట్రాంగ్ రూం తలుపు మీద మీ అభ్యర్థి సీలు కూడా వేయించండి.

ఇక యంత్రాన్నే నమ్మొచ్చా అన్నది. మన ఈవీఎంలు రెండే సంస్థలు చేస్తాయి, హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్. వైఫై, బ్లూటూత్ లాంటివి లేవు, కాబట్టి సెల్‌టవర్ దగ్గర కూర్చుని మార్చేశారన్న కథలు వదిలేయండి. చేతికి దొరికితే ఏం చేయొచ్చన్నది వేరే సంగతి. 2010లో హైదరాబాదు ఇంజినీరు హరిప్రసాద్ వేమూరు, మరికొందరు పరిశోధకులతో కలిసి అప్పటి యంత్రం మీద చేసి చూపించారు: తెర ఉన్న పలకను అచ్చు అలాంటిదే ఇంకొకటి పెట్టి మార్చారు, జ్ఞాపకం చిప్‌కి చిన్న క్లిప్ తగిలించి ఓట్లు మార్చారు. రెండింటికీ యంత్రం పెట్టె తెరవాలి. వీవీప్యాట్, భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఏర్పాటు, తెరిస్తే పనిచేయకుండా పోయే ఏర్పాటు ఇవన్నీ ఆ తర్వాతి యంత్రాల్లో వచ్చాయి. అభ్యర్థుల గుర్తులను వీవీప్యాట్‌లోకి ఎక్కించే చిన్న యూనిట్‌ను కూడా ఫలితాల తర్వాత 45 రోజులు సీలు వేసి దాచాలని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఏడు రోజుల్లో రాసిస్తే, ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం యంత్రాల చిప్‌లను తనిఖీ చేయించుకోవచ్చు.

వీవీప్యాట్ చీటీలు ఎన్ని లెక్కించాలన్నదే నాకు ఇప్పటికీ తృప్తి లేని చోటు. సెగ్మెంటుకి ఒకటి ఉన్నదాన్ని 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అయిదు చేసింది, ఆ పిటిషన్‌లో మొదటి పేరు చంద్రబాబు నాయుడుది. లెక్క వేసి చూడండి. ఒక సెగ్మెంటులో 300 బూతులున్నాయనుకుందాం, 30 బూతుల్లో మోసం జరిగిందనుకుందాం. చీటీ తీసి ఎంచిన అయిదింటిలో ఒక్కటైనా మోసపు బూత్ తగిలే అవకాశం 41 శాతమే. అదే మోసం పార్లమెంటు స్థానంలోని ఏడు సెగ్మెంట్లలోనూ ఇదే మోతాదులో జరిగితే 35 యంత్రాలు లెక్కిస్తారు, దొరికే అవకాశం 97 శాతం దాటుతుంది. అంటే రాష్ట్రమంతా జరిగే మోసాన్ని ఈ పద్ధతి పట్టేస్తుంది. రెండు వందల ఓట్ల తేడాతో తేలే ఒక్క అసెంబ్లీ స్థానంలో పది బూతుల మోసాన్ని పట్టలేదు. తేడా ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ చీటీలు లెక్కించే పద్ధతి ఉండాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి కాగితపు ఓట్లను అలాగే తనిఖీ చేస్తోంది. చీటీలు మన దగ్గరా ఉన్నాయి, లెక్కించడమే తక్కువ.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, ఫోన్లు. ఇది మనకు దూరపు సంగతి కాదు. 2020 జనవరిలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో 10 పోలింగ్ కేంద్రాల్లో ముఖ గుర్తింపును ప్రయోగించారు. సరిపోలకపోయినా ఓటు ఆపలేదు, కార్డు చూసి పంపారు. అది సరైన నిర్ణయం. వెయ్యి మంది వచ్చే బూత్‌లో యంత్రం నూటికి ఒక్కరిని పొరబాటుగా కాదన్నా పది మంది ఇంటికి పోవాలి. వాళ్లలో ముసలివాళ్లు, పదేళ్లనాటి మసక ఫొటో ఉన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. ముఖ గుర్తింపు అధికారికి సాయపడవచ్చు, తీర్పు మాత్రం మనిషే చెప్పాలి.

2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్‌తో ఉత్తుత్తి పోలింగ్ జరిపింది. పేరును ఆధార్‌తో పోల్చడం, ఫోన్ ముందున్నది సజీవమైన మనిషేనా చూడటం, ముఖాన్ని ఓటరు కార్డు ఫొటోతో పోల్చడం, ఆ తర్వాత ఓటు. 2025 జూన్‌లో బిహార్‌లో పట్టణ స్థానిక ఎన్నికల్లో నిజంగానే ఫోన్ నుంచి ఓట్లు వేయించారు. దివ్యాంగులు, మంచం పట్టినవాళ్లు, గర్భిణులు, వలస కూలీలు వీళ్లకోసం అన్న ఉద్దేశం మంచిదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను.

కానీ నేను మొదట చెప్పిన రెండు దారులు ఫోన్లో ఒకటైపోతాయి. మీరెవరో తేల్చేదీ, మీ ఓటు తీసుకునేదీ ఒకే పరికరం. పేరును ఓటునుంచి విడదీస్తామని సాఫ్ట్‌వేర్ చెబుతుంది, అది జరిగిందని ఏ ఏజెంటూ కళ్లతో చూడలేడు. బ్లాక్‌చెయిన్ పెట్టామంటారు. నమోదైన ఓటును తర్వాత ఎవరూ మార్చకుండా అది చూస్తుంది సరే, ఫోన్లో మాల్‌వేర్ (చాటుగా చెడు పని చేసే సాఫ్ట్‌వేర్) ఉండి మీరు నొక్కింది ఒకటి, పంపింది ఒకటి అయితే ఆ తప్పుడు ఓటునే అంతే భద్రంగా దాస్తుంది. లెక్కించడానికి చీటీ ఉండదు. అన్నిటికన్నా పెద్దది, అట్టపెట్టె ఉండదు. మన దగ్గర ఓటుకు నోటు ఏ స్థాయిలో నడుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. డబ్బిచ్చినవాడు ఇప్పుడు మాటే నమ్మాలి, అందుకే బూత్‌లోకి ఫోన్ తేనివ్వం. ఫోన్లోనే ఓటైతే పక్కన నిలబడి వేయించుకుంటాడు. ఇంటి పెద్ద, మేస్త్రి, అప్పిచ్చినవాడు, ఎవరైనా.

ఎస్టోనియా చేయట్లేదా అంటారు. చేస్తోంది, 2005 నుంచి. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్‌లోనే పడ్డాయి. అక్కడ ప్రతి పౌరుడి చేతిలో చిప్ ఉన్న గుర్తింపు కార్డు, గుర్తింపుకో రహస్య సంఖ్య, సంతకానికో రహస్య సంఖ్య ఉంటాయి. బలవంతంగా వేయించినా తర్వాత ఎన్నిసార్లైనా మళ్లీ వేసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. బూత్‌కి వెళ్లి కాగితం మీద వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దవుతుంది. ఓటు సరిగా చేరిందా అని ఇంకో పరికరంతో సరిచూసుకోవచ్చు. అంత ఉన్నా అక్కడి భద్రతా నిపుణుల వాదన ఆగలేదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో, అప్పట్లో వాడిన ఓటింగ్ కంప్యూటర్లు చెల్లవంది. సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా ఓటు సరిగా లెక్కించారని సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట.

అందుకని ఎవరైనా మీ మున్సిపాలిటీలో ఫోన్ ఓటు పెడతామంటే అభిప్రాయం చెప్పేముందు నాలుగు ప్రశ్నలు రాసి ఇవ్వండి. బలవంతంగా వేయించిన ఓటును మార్చుకునే వీలుందా? బూత్‌లో వేస్తే ఫోన్ ఓటు రద్దవుతుందా? ఓటరు వేరే పరికరంతో తన ఓటును సరిచూసుకోగలడా? ముఖం సరిపోలనివాళ్ల సంఖ్య, బూత్‌వారీగా, ఎన్నికల తర్వాత బయటపెడతారా? ఇల్లు కదల్లేనివాళ్లలో కొందరికి లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో ఇప్పటికే పోస్టల్ బ్యాలెట్ ఉంది. 85 ఏళ్లు దాటినవాళ్లు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు ఫారం-12డి ఇస్తే పోలింగ్ సిబ్బందే ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా ఇవ్వాలి, మీ వీధిలో అలాంటివాళ్లుంటే బీఎల్వో వచ్చినప్పుడు దగ్గరుండి ఆ ఫారం నింపించండి.